నేల కింద ఏమీ లేదన్న మాటను ఎలా తూచాలి?

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగిన మాకు నేల కింది సంగతులు కొత్త కావు. మా తాతలు చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి షాఫ్టుల్లోకి దిగినవాళ్లు. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు మించిన లోతు దాకా వెళ్లి రాయి పైకి పంపినవాళ్లు. రాక్‌బరస్ట్‌లో రాయి పేలినప్పుడు కొందరు తిరిగి పైకి రాలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి గానీ, ఆ నేల ఎవరెవరిని మింగిందో మా ఇళ్లలో అందరికీ గుర్తే. ఊరి మధ్య నిలిచిన సైనైడ్ గుట్టలు రోజూ ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉంటాయి.

అందుకేనేమో, మా ఆదివారం సాయంత్రపు కూటమికి వచ్చే ఒక కాలేజీ కుర్రాడు ఈమధ్య అడిగిన ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. "అన్నా, పోలండ్‌లో ట్రెబ్లింకా అని ఒక చోటుందంట. అక్కడ ఎనిమిది తొమ్మిది లక్షల మంది యూదుల్ని చంపి పూడ్చారంటారు గదా. ఒక ఇంజనీరు పోయి రాడార్ పెట్టి వెతికితే నేల కదిలిన గుర్తే కనబడలేదంట. మనిషి అబద్ధం చెప్తాడు, మిషన్ చెప్పదు గదన్నా? మరి మనకు చెప్పిందంతా కట్టుకథేనా?"

ఆ అబ్బాయిని మేము కసరలేదు. అతనికి యూదుల మీద పగ లేదు. ఎక్కడో విన్నాడు, అడిగాడు. అయితే అతని చేతికి ఆ మాట అందించినవాళ్లకు మాత్రం ఒక ఉద్దేశం ఉంది. కసురుకుంటే అతను మళ్లీ అడగడు, నమ్మిన మాట మాత్రం మనసులో ఉండిపోతుంది. అందుకే ఆ వాదనను తీసుకుని త్రాసులో పెట్టి, అందరం కలిసి తూచాం. ఆ తూకమే ఇక్కడ రాస్తున్నాం.

ఆ మాట ఎక్కడ పుట్టింది?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు సుమారు అరవై లక్షల మంది యూదులను చంపారు. అందుకోసం పోలండ్‌లో కట్టిన చావు శిబిరాల్లో ట్రెబ్లింకా ఒకటి. వార్సాకు ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, అడవి మధ్య, రైలు దారి పక్కన ఉండేది. 1942 జూలై 23 నుంచి అక్కడికి రైళ్లు వచ్చాయి. దిగినవాళ్లలో అత్యధికుల్ని కొద్ది గంటల్లోనే గదుల్లోకి తోసి, ఇంజన్ పొగ వదిలి చంపారు. మొదట శవాలను పెద్ద గోతుల్లో పూడ్చారు. 1943లో వాటిని తవ్వించి, పట్టాల మీద పేర్చి కాల్చారు. బూడిదను, ఎముకల ముక్కలను ఇసుకతో కలిపి మళ్లీ గోతుల్లో పోశారు. ఆ ఏడాది ఆగస్టు 2న ఖైదీలు తిరగబడ్డారు. తర్వాత నాజీలు కట్టడాలన్నీ కూల్చేసి, నేల చదును చేసి, లూపిన్ మొక్కలు నాటి, ఒక రైతు ఇల్లు కట్టి కాపలా కుటుంబాన్ని అందులో పెట్టారు. అంటే నేల కింద ఏమీ లేదు అన్న మాటను మొదట తయారు చేసింది హంతకులే.

1999 అక్టోబరులో రిచర్డ్ క్రేగె అనే ఆస్ట్రేలియా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు ఒక జీపీఆర్ యంత్రంతో ట్రెబ్లింకా వెళ్లాడు. జీపీఆర్ అంటే నేలలోకి తరంగాలు పంపి లోపలి తేడాలు పట్టే రాడార్. హోలోకాస్ట్ జరగలేదని ప్రచారం చేసే అడిలైడ్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి పనిచేసినవాడు అతను. నేల కదిలిన జాడ లేదని, సామూహిక సమాధులు లేవని ప్రకటించాడు. పూర్తి నివేదిక వస్తుందన్నారు. ఇతర నిపుణులు పరీక్షించగల నివేదిక మాత్రం రాలేదు. యంత్రం నమోదు చేసిన ముడి డేటా, ఎక్కడెక్కడ నడిపారో చూపే పటం, ఏ ఫ్రీక్వెన్సీ వాడారు, గీతకూ గీతకూ మధ్య ఎంత దూరం ఉంచారు అన్న వివరాలు ఏ శాస్త్ర పత్రిక ముందూ పెట్టలేదు. 2006 డిసెంబరులో టెహ్రాన్‌లో హోలోకాస్ట్‌ను ప్రశ్నించడానికి జరిపిన సమావేశంలో ట్రెబ్లింకా నమూనా బొమ్మ పెట్టుకుని మాట్లాడాడు. నివేదిక లేకపోయినా మాట మాత్రం పాతికేళ్లుగా తిరుగుతోంది. తిరిగి తిరిగి మా ఊరి దాకా వచ్చింది.

రాడార్ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు?

1988లో కేజీఎఫ్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ మొదలైంది. ఆ సంస్థ చేసే భూభౌతిక సర్వేల్లో జీపీఆర్ కూడా ఒకటి. కాబట్టి మా ఊళ్లో ఇది దేవతా యంత్రమూ కాదు, దయ్యం పెట్టె కూడా కాదు. ఒక పనిముట్టు. 2025 ఆగస్టులో దక్షిణ కన్నడ జిల్లాలో ప్రత్యేక దర్యాప్తు బృందం జీపీఆర్ తెప్పించినప్పుడు రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఆ కేసు గురించి తీర్పు చెప్పడం మా పని కాదు. ఆ రోజుల్లో టీ కొట్ల దగ్గర విన్న ఒక మాట మాత్రం ఇక్కడ పనికొస్తుంది: "మిషన్ వచ్చింది, ఇంక తేలిపోతుంది." అలా తేలదు.

జీపీఆర్ రేడియో తరంగాన్ని నేలలోకి పంపుతుంది. మట్టి గుణం మారిన చోట కొంత తరంగం వెనక్కి తిరిగి వస్తుంది. ఆ తిరుగు తరంగాలు తెర మీద గీతలుగా పడతాయి. అవి ఏమిటో చెప్పవలసింది మనిషే. గొయ్యి అంచా, చెట్టు వేరా, పాత కాలువా, బండరాయా అని యంత్రం రాసి ఇవ్వదు. అది శవాన్ని చూడదు, బూడిదను గుర్తు పట్టదు. తేడాను మాత్రమే పడుతుంది. ఫ్రీక్వెన్సీ ఎక్కువైతే సన్నని వివరం కనబడుతుంది గానీ లోతు తగ్గుతుంది. తక్కువైతే లోతు పెరుగుతుంది గానీ చిన్నవి కనబడవు. బంకమట్టి, తడి నేల తరంగాన్ని మింగేస్తాయి. పొడి ఇసుకలో బాగా పనిచేస్తుంది.

ట్రెబ్లింకా నేల ఇసుక నేలే. కాబట్టి అక్కడ రాడార్ పనిచెయ్యదని మేము వాదించడం లేదు. బాగానే పనిచేస్తుంది. అందుకే ఎలా వాడారో చూపించమని అడుగుతున్నాం.

అస్సే ఆఫీసు నేర్పిన పాఠం

గనుల్లో పనిచేసిన మా పెద్దలకు ఒక పద్ధతి బాగా తెలుసు. ఈ రాయిలో ఇంత బంగారం ఉంది అని ఎవరు చెప్పినా నోటి మాట చెల్లదు. ఏ లెవెల్లో, ఏ చోట తీసిన రాయో శాంపిల్ మీద గుర్తుండాలి. అస్సే ఆఫీసులో కాల్చి తూచాలి. ఇంకొకరు మళ్లీ తూచినా అదే లెక్క రావాలి.

ఆ పద్ధతి తప్పితే ఏమవుతుందో 1997లో ప్రపంచమంతా చూసింది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో కొండంత బంగారం దొరికిందని బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ ప్రకటించింది. షేర్లు ఆకాశానికి అంటాయి. డ్రిల్లింగ్‌లో తీసిన రాతి కడ్డీని నిలువునా చీల్చి, సగం తర్వాతి పరీక్షకు దాచడం గనుల లోకంలో మామూలు ఆచారం. ఆ కంపెనీ సగం దాచకుండా మొత్తం పొడి చేసేసింది. చివరికి మరో కంపెనీ వెళ్లి పక్కనే తవ్వితే చెప్పుకోదగిన బంగారమే లేదు. శాంపిళ్లలో బయటి బంగారం కలిపారని తేలింది. మళ్లీ పరీక్షించడానికి ఏమీ మిగల్చకపోవడమే అక్కడ మొదటి హెచ్చరిక. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ట్రెబ్లింకా రాడార్ వాదనకూ అదే కొలత పెడదాం. మళ్లీ పరీక్షించడానికి ఏం మిగిల్చారు? నివేదిక లేదు, డేటా లేదు, పటం లేదు. అప్పుడు మన చేతిలో ఉన్నది యంత్రం చెప్పిన మాట కాదు. యంత్రం ఇలా చెప్పింది అని ఒక మనిషి చెప్పిన మాట. మా కుర్రాడు మనిషిని నమ్మకుండా మిషన్‌ను నమ్ముతున్నానని అనుకున్నాడు. నిజానికి అతను నమ్మింది మనిషినే.

ఇంకో సంగతి. ఉంది అని చెప్పడానికి ఒక్క చోట చూపిస్తే చాలు. లేదు అని చెప్పాలంటే అంతా వెతకాలి. చాంపియన్ లోడ్ అనే బంగారు పొర మైళ్ల పొడవుంది గానీ, చాలా చోట్ల వెడల్పు కొన్ని అడుగులే. దానికి కాస్త పక్కగా నాలుగు బోర్లు వేసి, కోలార్‌లో బంగారమే లేదని ఎవరైనా అనొచ్చు. బోర్లు నిజంగానే వేసి ఉండవచ్చు, రాయి నిజంగానే ఖాళీగా ఉండవచ్చు, అయినా చెప్పిన మాట తప్పే.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇది. ట్రెబ్లింకా నేల కదలనే లేదు అన్న మాట అవసరానికి మించి రుజువు చేస్తుంది. ఆ నేల కదిలిందని చెప్పడానికి హత్యల సాక్ష్యం దాకా వెళ్లనక్కర్లేదు. యుద్ధం ముగిశాక చుట్టుపక్కల జనం ఆ చోట బంగారు పళ్ల కోసం, ఉంగరాల కోసం గుంపులుగా తవ్వారు. పేలుడు గోతులు పడ్డాయి. బంగారం కోసం తవ్వే ఊరి నుంచి వచ్చిన మాకు ఆ దృశ్యం తలుచుకుంటే కడుపులో తిప్పుతుంది. 1945 నవంబరులో జ్దిస్లావ్ లుకాష్కేవిచ్ అనే పోలిష్ న్యాయాధికారి అక్కడ విచారణ జరిపాడు. ఒక గొయ్యిని ఏడున్నర మీటర్ల లోతు దాకా తవ్విస్తే బూడిద, ఇసుక, ఎముకలు కలిసి వస్తూనే ఉన్నాయని రికార్డు చేశాడు. తర్వాత 1964లో అక్కడ స్మారకం కట్టినప్పుడు కాంక్రీటు పోసి, వేల రాళ్లు నాటారు. ఇన్నిసార్లు తవ్విన నేలను చూసి తవ్విన గుర్తే లేదని ఒక సర్వే చెబితే, యంత్రం సరైన చోట నడవలేదు, లేదా గీతలు సరిగ్గా చదవలేదు. సైనైడ్ గుట్ట ఎక్కి నిలబడి, ఇక్కడ మట్టి ఎవరూ కదపలేదు అంటే మా అవ్వలు నవ్వుతారు.

త్రాసులో రెండో తట్ట

రుజువును తూచడమంటే ఒక తట్టను మాత్రమే చూడడం కాదు. రెండో తట్టలో ఏముందో కూడా చూడాలి. ఆ మాట చెప్పినవాళ్లు మా కుర్రాడికి ఈ తట్ట చూపించలేదు.

ట్రెబ్లింకా స్టేషన్‌లో పనిచేసిన ఫ్రాంచిషెక్ జొంబెట్స్కీ అనే పోలిష్ ఉద్యోగి వచ్చే రైళ్లను గమనించి రహస్యంగా లెక్క రాసుకున్నాడు. రైల్వే కాగితాలు కొన్ని దాచిపెట్టాడు. ప్రాణాలతో బయటపడ్డ శామ్యూల్ రాజ్‌మన్ 1946 ఫిబ్రవరిలో న్యూరెంబర్గ్ కోర్టు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాడు. శిబిరం కమాండెంట్‌గా ఉన్న ఫ్రాంజ్ స్టాంగల్‌ను జర్మనీ కోర్టే విచారించి 1970లో జీవిత ఖైదు వేసింది. అంతకుముందు అదే డ్యూసెల్‌డార్ఫ్ నగరంలో మిగతా సిబ్బంది మీద విచారణ జరిగి 1965లో తీర్పు వచ్చింది. నిందితుల వాదన అక్కడ పని జరగలేదని కాదు. ఆజ్ఞ ప్రకారం చేశామని.

ఇంకొకటి ఉంది, లెక్కలు ఇష్టపడేవాళ్ల కోసం. 1943 జనవరి 11న హెర్మన్ హ్యోఫ్లె అనే నాజీ అధికారి పంపిన రహస్య టెలిగ్రామును బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. అది వాళ్ల దస్తావేజుల్లో దశాబ్దాల పాటు ఎవరి కంటా పడకుండా ఉంది. 2001లో పరిశోధకులు దాన్ని ప్రచురించారు. 1942 చివరి దాకా నాలుగు శిబిరాలకు వచ్చినవాళ్ల సంఖ్యలు అందులో ఉన్నాయి. లుబ్లిన్‌కు 24,733. బెల్జెట్స్‌కు 4,34,508. సోబిబోర్‌కు 1,01,370. ట్రెబ్లింకాకు 71,355 అని టైపు అయింది. మొత్తం మాత్రం 12,74,166 అని రాసి ఉంది. కూడి చూస్తే సరిపోదు. ట్రెబ్లింకా అంకెలో ఒక 5 జారిపోయింది, అది 7,13,555 అయితే మొత్తం ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోతుంది. అదే 12,74,166 అంకె నాజీల గణాంక అధికారి కోర్‌హెర్ 1943లో తయారు చేసిన నివేదికలో కూడా ఉంది. నాజీలు సొంత పై అధికారుల కోసం రాసుకున్న లెక్క ఇది.

ఇక్కడ గమనించాల్సింది పరిశోధకుల పద్ధతి. కాగితం మీద ఉన్న తప్పును వాళ్లు దాచలేదు. తప్పు ఇక్కడుంది, ఎందుకు తప్పో ఇదీ, మీరే కూడి చూసుకోండి అని అందరి ముందు పెట్టారు. మా కూటమిలో కుర్రాడు ఫోన్‌లో కూడి చూశాడు. సరిపోయింది. క్రేగె వాదనలో అతను అలా సరిచూడగలిగింది ఒక్కటీ లేదు.

రాడార్ కూడా రెండో తట్టలోనే ఉంది. 2010 తర్వాత బ్రిటన్‌కు చెందిన పురావస్తు శాస్త్రవేత్త కెరొలైన్ స్టర్డీ కోల్స్ ట్రెబ్లింకాలో సర్వే చేసింది. సమాధులను కదపరాదన్న యూదు ధర్మశాస్త్రాన్ని గౌరవించి, నేల తవ్వకుండా జీపీఆర్‌తోనూ విద్యుత్ నిరోధం కొలిచే పద్ధతితోనూ వెతికింది. చాలా గోతులు కనబడ్డాయి. ఒకటి 26 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు, కనీసం నాలుగు మీటర్ల లోతు. ఆ తర్వాత పరిమితంగా తవ్వినప్పుడు గ్యాస్ గదుల భవనపు ఇటుక పునాది, నేల పలకలు బయటపడ్డాయి. తన పద్ధతిని, ఫలితాలను విద్యా పత్రికల్లోనూ 2015లో పుస్తకంలోనూ ప్రచురించింది. కాంక్రీటు కింద, చెట్ల కింద చూడలేని చోట్లు ఉన్నాయని కూడా చెప్పింది. చూడలేని చోట్లు ఇవీ అని చెప్పే సర్వేను మేము ఎక్కువ నమ్ముతాం.

మనవైపు వచ్చినా అదే త్రాసు

ఇంతవరకు చెప్పింది సులభం. ఇప్పుడు మనకు ఇబ్బందిగా ఉండే మాట.

2021 మే 27న కెనడాలోని కామ్‌లూప్స్‌లో అక్కడి ఆదివాసీ జాతి ఒక ప్రకటన చేసింది. కాథలిక్ సంఘం నడిపిన పాత ఆదివాసీ హాస్టల్ బడి ఆవరణలో రాడార్ సర్వే చేస్తే 215 మంది పిల్లల అవశేషాలు బయటపడ్డాయని. తర్వాత జూలైలో సర్వే చేసిన నిపుణురాలు అవి సుమారు 200 అనుమానిత సమాధులని, తవ్వితే తప్ప నిశ్చయంగా చెప్పలేమని వివరించింది. పూర్తి నివేదిక అప్పుడు బయట పెట్టలేదు. వార్తల్లో మాత్రం మొదటి మాటే నిలిచిపోయింది.

క్రేగె నివేదిక ఏదని అడిగిన నోటితో మేము ఇక్కడ కూడా అడగాలి. రాడార్ గీత సమాధిగా తేలేదాకా అనుమానమే. మన సానుభూతి ఎటువైపు ఉందో చూసి త్రాసు ముల్లు జరపకూడదు. అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞ బలవంతుల కోసమే రాసింది కాదు. అదే సమయంలో, తవ్వలేదు కాబట్టి ఆ బడుల్లో ఏమీ జరగలేదని కొందరు ఎత్తుకున్న పాట కూడా అబద్ధమే. కెనడా సత్య సయోధ్య సంఘం 2015లో ఇచ్చిన నివేదిక రాడార్ మీద ఆధారపడలేదు. బడుల రికార్డులు, వేలమంది సాక్ష్యాలు చూసి 3,200కు పైగా పిల్లల మరణాలు నమోదు చేసింది. జరిగినదాన్ని సాంస్కృతిక జాతిహననం అని పేరు పెట్టి చెప్పింది. 2022 జూలైలో పోప్ ఫ్రాన్సిస్ కెనడా వెళ్లి క్షమాపణ అడిగి, తిరుగు ప్రయాణంలో దాన్ని జాతిహననమే అన్నారు. ఆ బడులు నడిపింది సిలువ పేరు పెట్టుకున్నవాళ్లే. ఆ సంగతి మనం నోరు మెదపకుండా దాటెయ్యకూడదు.

ట్రెబ్లింకా విషయంలోనూ మనకు ఒక బాకీ ఉంది. యేసును చంపింది యూదులే అన్న నిందను సంఘం శతాబ్దాల పాటు బోధించింది. 1965లో రెండో వాటికన్ మహాసభ ఆ నిందను తోసిపుచ్చింది. మన ప్రసంగ పీఠాల మీద అది ఇంకా అప్పుడప్పుడు వినబడుతూనే ఉంది. మన ఫుట్‌పాత్‌ల మీద హిట్లర్ పుస్తకం విజేతల జీవితాల పక్కన అమ్ముతున్నారు. మా కుర్రాడికి చేరిన మాట ఇలాంటి నేలలోనే మొలుస్తుంది.

ఇది మనకెందుకు?

ఎక్కడి పోలండ్, ఎక్కడి కోలార్ అని అడిగేవాళ్లుంటారు. రెండు మన ఊళ్ల పేర్లు చెబుతాం.

1938 ఏప్రిల్ 25న, అప్పటి కోలార్ జిల్లా గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క పది మంది. జనం లెక్క ముప్పైకి పైన. ఈ తేడా మీద వాదించడం చరిత్రకారుల పని, వాదించాలి కూడా. ట్రెబ్లింకాలో కూడా అలాగే 1965 తీర్పు కనీసం ఏడు లక్షలంది, తర్వాత దొరికిన ఆధారాలతో 1970 తీర్పు తొమ్మిది లక్షల దాకా వెళ్లింది. లెక్క సరిచెయ్యడం ఒకటి. కాల్పులే జరగలేదనడం వేరొకటి. మొదటిది సత్యం కోసం వెతకడం. రెండోది చచ్చినవాళ్లను మళ్లీ చంపడం.

2000 మార్చి 11న, అప్పటికి కోలార్ జిల్లాలోనే ఉన్న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి సజీవంగా కాల్చేశారు. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ విడుదల చేసింది. 2014లో హైకోర్టు కూడా ఆ విడుదలను నిలబెట్టింది. ఈ ఫలానా మనుషుల మీద నేరం రుజువు కాలేదన్నది కోర్టు మాట, దాన్ని మేము అంగీకరిస్తాం. కానీ ఆ మాటనే పట్టుకుని, అసలు అక్కడ ఏమీ జరగలేదు అన్న గొంతులు మేము విన్నాం. ఏడుగురు తమను తాము కాల్చుకోలేదు. రుజువు కాలేదు అన్న మాటకూ జరగలేదు అన్న మాటకూ మధ్య ఎంత దూరముందో దళిత క్రైస్తవులమైన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయంలో ఒక విచిత్రమైన ఆజ్ఞ ఉంది. పొలంలో హతుడైన మనిషి శవం దొరికి, చంపినవాడెవడో తెలియకపోతే, పెద్దలూ న్యాయాధిపతులూ వచ్చి అక్కడి నుంచి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరి ఊరి పెద్దలు ఆ రక్తానికి దేవుని ముందు జవాబు చెప్పుకోవాలి. హంతకుడు దొరకలేదని ఫైలు మూసెయ్యమని ధర్మశాస్త్రం చెప్పలేదు. నలుగురూ చూస్తుండగా కొలవమంది. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదే ఏ సంగతైనా స్థిరపడాలని కూడా అదే గ్రంథం చెబుతుంది. రహస్యంగా కొలిచి ఫలితం మాత్రం చాటించిన కొలత ఈ రెంటిలో దేనికీ నిలవదు.

అందుకని మా సహవాసంలో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీ ఊళ్లలోనూ పెట్టుకోమని అడుగుతున్నాం. ఏదైనా యంత్రం, పరీక్ష, నిపుణుడి పేరు చెప్పి ఎవరైనా ఒక దారుణాన్ని కొట్టిపారేస్తే ముందు నివేదిక అడగండి. ఎక్కడ వెతికారు, ఎక్కడ వెతకలేదు అని అడగండి. వేరే ఎవరైనా అదే చోట కొలిచారా అని అడగండి. ఈ ఒక్క ఫలితం నిజమైతే మిగతా సాక్ష్యాలన్నీ ఎలా అబద్ధమయ్యాయో చెప్పమనండి. ఎన్ని దేశాల కోర్టులు, ఎన్ని దస్తావేజులు, ఎంతమంది నోళ్లు కలిసి కుట్ర చెయ్యాలో లెక్క చెప్పమనండి.

రెండోది మన కోసం. కోలార్ జిల్లాలో ఏదైనా దాడి జరిగినప్పుడు మన నిజనిర్ధారణ బృందాలు వెళుతుంటాయి. వేడిగా ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంటాం. ఇక నుంచి ఎవరిని కలిశాం, ఎవరిని కలవలేకపోయాం, ఏ రోజున వెళ్లాం, ఎఫ్ఐఆర్ నకలు, పోస్ట్‌మార్టం కాగితం, ఫొటో తీసిన చోటు అన్నీ రాసి పెడదాం. మనకు అనుకూలం కాని వివరం దొరికితే దాన్ని కూడా రాద్దాం. పాతికేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఇక్కడ ఏమీ జరగలేదు అన్నప్పుడు మన పిల్లల చేతిలో కోపం ఒక్కటే కాకుండా కాగితం కూడా ఉండాలి.

తమ్ముడిని ఏం చేశావని దేవుడు అడిగినప్పుడు కయీను మొదట తెలియదన్నాడు. నేల మాత్రం తెలియదనలేదు. హేబెలు రక్తం అక్కడి నుంచే దేవునికి వినబడింది. ట్రెబ్లింకా ఇసుకలో బూడిదగా కలిసినవాళ్లలో మా కుర్రాడి వయసువాళ్లు ఎందరో ఉన్నారు. వచ్చే ఆదివారం అతను టెలిగ్రాము లెక్కను మిగతా పిల్లలకు బోర్డు మీద కూడి చూపిస్తానన్నాడు. ఆ నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళ్లాడు.